మొదటి మౌంటెన్ బైక్‌కు వెనుక స్ప్రింగు అక్కరలేదు

పదిహేను, ఇరవై వేల రూపాయలలో మొదటి మౌంటెన్ బైక్ కొనదలచినవారు, వెనుక చక్రానికి కూడా సస్పెన్షన్ ఉన్న సైకిళ్లను ముందుగానే పక్కన పెట్టడం మంచిది. ఆ ధరలో వచ్చే వెనుక స్ప్రింగు చూడటానికి ఘనంగానే ఉంటుంది గానీ, అనంతగిరి వంటి కొండదారుల్లో ఎత్తు ఎక్కేటప్పుడు మన కాళ్ల బలంలో కొంత భాగాన్ని అదే మింగేస్తుంది, పైగా సైకిల్ బరువు కూడా పెంచుతుంది. ముందు ఫోర్కుకు, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే జంట కడ్డీలకు, మాత్రమే సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిల్ చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఫ్రేము కొలత. సైకిల్‌కు ఇరువైపులా కాళ్లు పెట్టి, పాదాలు పూర్తిగా నేలకు ఆనించి నిలబడినప్పుడు, పైగొట్టానికీ మనకూ మధ్య కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. అది లేకపోతే ఎంత రాయితీ ఇచ్చినా ఆ సైకిల్ వద్దు. తరువాత ముందు బ్రేకు గట్టిగా పట్టి హ్యాండిల్‌ను ముందుకూ వెనుకకూ ఊపి చూడండి: టకటకమని శబ్దం వస్తే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగులు) వదులుగా ఉన్నట్టో, ఫోర్కు లోపలి భాగాలు వదులై కదులుతున్నట్టో అనుమానించాలి.

21 గేర్లనే స్టిక్కరుకు పెద్దగా విలువ ఇవ్వనక్కరలేదు, అవి తడబడకుండా మారుతున్నాయో లేదో తొక్కి చూస్తే సరిపోతుంది. హెల్మెట్‌కూ, గాలి పంపుకూ కొంత సొమ్ము మిగుల్చుకోండి. కొత్త గేరు కేబుళ్లు కొన్ని వారాల్లో వదులవుతాయి కనుక, మొదటి నెల సర్వీసు ఉచితమో కాదో బిల్లు కట్టకముందే అడగండి.