స్పానిష్ స్వయంబోధిని – 4: ‘ఉంది’ని విడగొట్టడం

ఈసారి ‘వెళ్లు’, ‘చేయి’ క్రియలు పూర్తిగా చెప్పుకోవాల్సింది. అవి సగమే వస్తాయి, ఎందుకంటే మూడో పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో ఒక వాక్యం పదేపదే కనిపించింది: ‘యో ఎస్తోయ్ ఆంబ్రె’. నాకు ఆకలిగా ఉంది అని మీ ఉద్దేశం. వినేవాళ్లకు మాత్రం అది ‘నేను ఆకలిని’ అన్నట్టు ఉంటుంది. సరైన వాక్యం ‘తెంగో ఆంబ్రె’.

ముందు ఆ ‘యో’ సంగతి. ‘వస్తాను’ అంటే ఎవరు వస్తారో తెలుగులో మళ్లీ చెప్పం. స్పానిష్ కూడా అంతే: ‘తెంగో’లోనే ‘నేను’ ఉంది. ‘నేనైతే’ అని నొక్కి చెప్పాలనుకుంటేనే ‘యో’ వాడండి. మిగతా సర్వనామాల పట్టిక మళ్లీ ఇవ్వను. మర్యాదగా ‘మీరు’ అనే ‘ఉస్తెద్’ గురించి మాత్రం ఒక్క మాట. మన ‘మీరు’కు బహువచన క్రియ వస్తుంది కాబట్టి చాలామంది ‘ఉస్తెద్ సోన్’ అని రాశారు. అది తప్పు, ‘ఉస్తెద్ ఎస్’ అనాలి. ‘ఉస్తెద్’ పుట్టింది ‘బ్వెస్త్రా మెర్సెద్’ నుంచి, అంటే ‘మీ కృప’. మన ‘ఏలినవారు’ లాంటి పిలుపు అది. అందుకే దానికి ‘అతడు, ఆమె’లకు వచ్చే ఏకవచన రూపమే వస్తుంది. ఎదుట ఇద్దరు ముగ్గురుంటే ‘ఉస్తెదెస్ సోన్’. స్పెయిన్‌లో స్నేహితుల గుంపును ‘బొసోత్రోస్’ అంటారు. లాటిన్ అమెరికా అంతటా ‘ఉస్తెదెస్’తోనే పని జరుగుతుంది కాబట్టి ఈ పాఠాల్లో నేను ‘బొసోత్రోస్’ను వదిలేస్తున్నాను.

ఇక అసలు చిక్కు. తెలుగులో ‘ఉంది’ ఒక్కటే అన్ని పనులూ చేస్తుంది. స్పానిష్‌లో ఆ పనులను వేర్వేరు క్రియలు పంచుకుంటాయి. మీరు ‘ఉంది’ కనబడగానే ‘ఎస్తోయ్, ఎస్తా’ (‘ఎస్తార్’ క్రియ రూపాలు) రాసేస్తున్నారు. ముందు తెలుగు వాక్యాన్నే పరీక్షించండి.

‘నాకు’, ‘ఆమెకు’, ‘మాకు’ అని మొదలైతే ముందుగా ‘తెనేర్’ను (‘కలిగి ఉండు’ అనే క్రియను, ‘తెంగో’ దాని రూపమే) తలచుకోండి. తెలుగులో ‘కు’ చేర్చుకున్న మనిషి స్పానిష్‌లో కర్త అవుతాడు. నాకు ముగ్గురు పిల్లలున్నారు: ‘తెంగో త్రెస్ ఈహోస్’. ఆమెకు ఇరవై ఏళ్లు: ‘తియెనె బెయింతె ఆన్యోస్’. ఇక్కడ ‘న్యో’ స్పష్టంగా పలకాలి. ‘ఆనోస్’ అంటే మలద్వారాలు అని అర్థం. నాకు జ్వరంగా ఉంది: ‘తెంగో ఫియెబ్రె’. దాహం ‘సెద్’, చలి ‘ఫ్రీయో’, ఉక్క ‘కలోర్’, నిద్ర ‘స్వెన్యో’, భయం ‘మియెదో’, తొందర ‘ప్రీసా’ అన్నీ ఇలాగే. ఉక్కగా ఉందని ‘ఎస్తోయ్ కలియెంతె’ అనకండి, దానికి కామోద్రేకం అనే అర్థం ఉంది.

అయితే నాకు అలసటగా ఉంది అంటే ‘ఎస్తోయ్ కన్సాదో’, ఆడవాళ్లైతే ‘కన్సాదా’. ‘నాకు’ ఉన్నా తెనేర్ ఎందుకు రాలేదు? ‘ఫ్రీయో’, ‘ఆంబ్రె’ నామవాచకాలు. మాట్లాడేది ఆడవాళ్లైనా ‘తెంగో ఫ్రీయో’యే, ‘ఫ్రీయా’ కాదు. ‘కన్సాదో’ విశేషణం, మనిషిని బట్టి మారుతుంది. మారే మాటకు ఎస్తార్, మారని ఆ ఏడెనిమిదింటికి తెనేర్. ‘చాలా’ కూడా అలాగే విడిపోతుంది: ‘తెంగో మూచా ఆంబ్రె’, కానీ ‘ఎస్తోయ్ ముయ్ కన్సాదా’.

‘నాకు’ లేకపోతే మాటల వరుస చూడండి. ‘పుస్తకం బల్ల మీద ఉంది’ అంటే ఏ పుస్తకమో ముందే తెలుసు: ‘ఎల్ లీబ్రో ఎస్తా ఎన్ లా మేసా’. ‘బల్ల మీద పుస్తకం ఉంది’ అంటే అక్కడ ఒకటి ఉందని కొత్తగా చెబుతున్నాం: ‘ఐ ఉన్ లీబ్రో ఎన్ లా మేసా’. ఈ ‘ఐ’ ఒకటున్నా పదున్నా మారదు. బయట చలిగా ఉంది అంటే ‘ఆసె ఫ్రీయో’, చేయడం అనే ‘ఆసేర్’ క్రియ వస్తుంది. ఇల్లు పెద్దగా ఉంది అంటే దాని స్వభావం కాబట్టి ‘లా కాసా ఎస్ గ్రాందె’. తెలుగులో క్రియే లేని చోట, అంటే ‘ఆమె డాక్టరు’ లాంటి వాక్యాల్లో, ‘ఎస్’ మరచిపోకండి: ‘ఎస్ మేదికా’.

రూపాలను ‘నేను, నువ్వు, అతడు/ఆమె, మేము, వాళ్లు’ వరుసలో పైకి చదవండి. తెనేర్: తెంగో, తియెనెస్, తియెనె, తెనెమోస్, తియెనెన్. ఊనిక మొదటి అక్షరం మీద పడితే ‘తె’ కాస్తా ‘తియె’ అవుతుంది. ‘తెనెమోస్’లో ఊనిక ‘నె’ మీదికి జరుగుతుంది కాబట్టి మారదు. ‘తెంగో’ దీనికి లొంగదు, విడిగా కంఠస్థం చేయాలి. ఎస్తార్: ఎస్తోయ్, ఎస్తాస్, ఎస్తా, ఎస్తామోస్, ఎస్తాన్. ‘ఎస్తా’ చివర గట్టిగా పలకండి, మొదట ఒత్తితే ‘ఈ’ అనే వేరే మాట అవుతుంది. ఆసేర్‌లో ‘ఆగో’ ఒక్కటే తేడా: ఆగో, ఆసెస్, ఆసె, ఆసెమోస్, ఆసెన్. వెళ్లడానికి బోయ్, బాస్, బా, బామోస్, బాన్. దాని వాడకం వచ్చే పాఠంలో.

అభ్యాసం: ఈ పేరాను స్పానిష్‌లో చెప్పండి, ‘యో’ ఒక్కసారి కూడా రాకూడదు. ‘నాకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి పదేళ్లు. వాడికి జ్వరంగా ఉంది, ఇంట్లో ఉన్నాడు. బయట చలిగా ఉంది. ఇంట్లో మందుల్లేవు. నాకు అలసటగా ఉంది, భయంగా ఉంది. డాక్టరుగారూ, మీరు ఆసుపత్రిలో ఉన్నారా?’ తర్వాత ‘నాకు’ ఉన్న చోటల్లా ‘మాకు’ పెట్టి, ఆపైన ‘ఆమెకు’ పెట్టి, కాగితం చూడకుండా మళ్లీ చెప్పండి.