మాటల వేర్లు తవ్వుదాం – 4వ పాఠం: పిడికెడు డబ్బు

పోయిన పాఠంలో మాటను విడగొట్టడం నేర్చుకున్నాం, ధాతువు ఒకపక్క, ప్రత్యయం ఒకపక్క. ఈసారి ఆ కత్తి ప్రాచీన గ్రీకుల డబ్బు మీద పెడదాం.

గ్రీకులో 'ద్రాత్తొమై' అంటే గుప్పిట పట్టడం. ఆ ధాతువుకు 'మే' చేరితే 'ద్రఖ్మే', అంటే పిడికెడు. గ్రీకుల డబ్బు పేరు ఇదే. చేరెడు, దోసెడు అని చేతులతోనే కొలుచుకున్న మనకు ఇందులో వింతేం లేదు. సరే, పిడికెడు ఏమిటి?

ఒక ద్రఖ్మేకి ఆరు 'ఒబొలోస్'లు. అదొక చిన్న నాణెం. 'ఒబెలోస్' అంటే మాంసం గుచ్చి కాల్చే చువ్వ. తేడా ఒక్క అచ్చు. పూర్వం ఈ లోహపు చువ్వలే డబ్బుగా చెల్లేవని, ఒక చేతికి ఆరు పట్టేవి కాబట్టి ద్రఖ్మే అన్న పేరు వచ్చిందని గ్రీకు రచయిత ప్లూటార్క్, స్పార్టా సేనాని లైసాండర్ జీవితచరిత్రలో రాశాడు. కథ ముచ్చటగా ఉంది. నాకు ఇంత ముచ్చటైన కథలంటేనే టెన్షన్. పైగా ప్లూటార్క్ ఆ కాలానికి ఎన్నో వందల ఏళ్ల తర్వాతివాడు.

అందుకే ఈ పాఠంలోని కొత్త మెట్టు: మాట చెప్పే వస్తువు మట్టిలో దొరికిందా? దొరికింది. గ్రీసులోని ఆర్గోస్ ఊరి దగ్గర హేరా దేవత గుడి తవ్వకాల్లో ఇనుప చువ్వల కట్ట బయటపడింది. ఇప్పుడది ఏథెన్స్‌లో నాణేల మ్యూజియంలో ఉంది. ఆర్గోస్‌లోనే క్రీ.పూ. 8వ శతాబ్దపు యోధుడి సమాధిలో కంచు కవచంతో పాటు 12 చువ్వలు కనిపించాయి. రెండు ఆరులన్నమాట! అయితే తొందరపడొద్దు. ఆ సమాధిలోనే చువ్వలు ఆనించే పొయ్యి దిమ్మెలూ ఉన్నాయి. అవి వంటసామానే కావచ్చు. ఒక్క సమాధితో రుజువు కాదు గానీ, ధాతువు, లెక్క, ఇనుము మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి కాబట్టి నేను ప్లూటార్క్ పక్షమే.

తర్వాత వెండి నాణెం వచ్చింది. ఏథెన్స్ ద్రఖ్మే బరువు సుమారు 4.3 గ్రాములు. పిడికెడు కాస్తా చిటికెడైంది, పేరు మాత్రం మారలేదు. ఆధునిక గ్రీసు కూడా 2002లో యూరో నోట్లు వచ్చేదాకా అదే పేరు వాడింది.

ఈ మాట తూర్పుకీ నడిచింది. పర్షియన్ల నోట 'ద్రహ్మ్', అరబ్బుల నోట 'దిర్హమ్'. దుబాయిలో ఉన్న మనవాళ్ల జీతం అందులోనే. సంస్కృతంలో 'ద్రమ్మ' అయి, హిందీలో 'దామ్', దానికి చిన్నదిగా 'దమ్‌డీ', మన దగ్గర 'దమ్మిడీ'. 'దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు' అన్నప్పుడు మనం పలికేది గ్రీకు పిడికిలినే.

ఇంటిపని:
ద్రఖ్మే 'ద్రమ్మ' అయినప్పుడు రెండు హల్లులు కలిసి ఒకే హల్లు జంటగా మారాయి. 'ధర్మ' నుంచి 'ధమ్మ' వచ్చినట్టే. ఇలాంటి జతలు మరో మూడు వెతకండి.
గ్రీకులో 'ఇస్కోస్' చిన్నదనాన్ని చెప్పే ప్రత్యయం. ఈజిప్టులోని ఎత్తైన రాతి స్తంభాలను గ్రీకులు 'ఒబెలిస్కోస్' అన్నారు. విడగొట్టి, అర్థం రాయండి. ఆ పేరులో వెటకారం ఉందో లేదో 5వ పాఠంలో చూద్దాం.