రౌటర్‌లో రూట్లు పట్టడం లేదా? ముందు ఏ మెమరీ నిండిందో చూడండి

రౌటర్‌లో రూట్లు (ఏ చిరునామాకు ప్యాకెట్ ఎటు పోవాలో చెప్పే దారులు) రెండు చోట్ల ఉంటాయి. బీజీపీ (నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి రూట్లు చెప్పుకునే ప్రోటోకాల్) నేర్చుకున్నవన్నీ మామూలు ర్యామ్‌లో ఉంటాయి. వాటిలో ఎంపికైనవి ప్యాకెట్లు పంపే హార్డ్‌వేర్‌లోని టీక్యామ్ అనే వేగమైన, పరిమితమైన మెమరీలోకి దిగుతాయి. టీక్యామ్ నిండినప్పుడు ర్యామ్ ఎంత పెంచినా లాభం లేదు.

సమస్య: కొన్ని సైట్లు బాగానే వస్తాయి, కొన్ని నత్తనడక. బీజీపీ సెషన్లన్నీ (పొరుగు రౌటర్లతో ఉన్న కనెక్షన్లు) నిలబడే ఉన్నాయి, సీపీయూ మాత్రం 90 శాతం దాటింది.

'షో ప్రాసెసెస్ సీపీయూ' మొదటి లైన్ చూడండి. 95%/88% అని ఉంటే, గీత తర్వాతి 88 ఇంటరప్ట్‌లది, అంటే వచ్చిన ప్యాకెట్ల కోసం సీపీయూ చేస్తున్న పని. అంటే హార్డ్‌వేర్ పంపాల్సిన ప్యాకెట్లను సీపీయూ మోస్తోంది. టీక్యామ్‌లో చోటు దొరకని రూట్ల ట్రాఫిక్ ఇలా సీపీయూ మీద పడుతుంది. 'షో ఐపీ రూట్'లో ఆ రూటు చక్కగా కనిపిస్తుంది కాబట్టి చాలామంది ఇక్కడే పొరబడతారు. సిస్కో 6500, 7600లలో 'షో ఎమ్‌ఎల్‌ఎస్ సెఫ్ ఎక్సెప్షన్ స్టేటస్' ఇవ్వండి. ట్రూ అని వస్తే టీక్యామ్ నిండిందనడంలో సందేహం అక్కర్లేదు.

2014 ఆగస్టు 12న ఇంటర్నెట్ ఐపీవీ4 టేబుల్ 512కె (దాదాపు 5.24 లక్షల రూట్లు) గీత దాటినప్పుడు తడబడిన రౌటర్లలో ఈ రకానివి ఉన్నాయి. వాటిలో వాడే సూపర్‌వైజర్ 720-3బీఎక్స్‌ఎల్ కార్డులో టీక్యామ్ మొత్తం 1024కె ఉన్నా, డిఫాల్ట్‌గా ఐపీవీ4 వాటా 512కె మాత్రమే. 'ఎమ్‌ఎల్‌ఎస్ సెఫ్ మాగ్జిమమ్-రూట్స్ ఐపీ 768' అని పెంచి రీలోడ్ చేస్తే సరిపోయేది. ఒక ఐపీవీ6 రూటు రెండు గదులు తీసుకుంటుంది కాబట్టి అప్పుడు ఐపీవీ6కు మిగిలేది 128కె. నేటి ఐపీవీ4 టేబుల్ 10 లక్షల దరిదాపుల్లో ఉంది. వాటాలు ఎలా మార్చినా ఆ పెట్టెలో పూర్తి టేబుల్ పెట్టుకోవడం తెలివైన పని కాదు. రూట్లు తగ్గించాల్సిందే.

తగ్గించేటప్పుడు వరుస తప్పొద్దు. ముందు అప్‌స్ట్రీమ్ (మీకు ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ) నుంచి బీజీపీ ద్వారానే డిఫాల్ట్ రూటు (వేరే రూటు దొరకనప్పుడు వాడేది) అడిగి తీసుకోండి. చేత్తో రాసిన స్టాటిక్ డిఫాల్ట్ అయితే బీజీపీ సెషన్ పడిపోయినా లింకు బతికున్నంత కాలం అలాగే ఉండిపోయి ట్రాఫిక్‌ను గోతిలో పోస్తుంది. డిఫాల్ట్ టేబుల్‌లోకి వచ్చిందని కళ్ళతో చూశాకే ఫిల్టర్ పెట్టండి:

ఐపీ ప్రిఫిక్స్-లిస్ట్ తగ్గింపు పర్మిట్ 0.0.0.0/0 ఎల్‌ఈ 23

ఇది డిఫాల్ట్‌తో సహా /23 వరకు అన్నిటినీ రానిస్తుంది, /24లను (256 చిరునామాల చిన్న బ్లాకులను) ఆపుతుంది. టేబుల్‌లో సగానికి పైగా /24లే కాబట్టి ఈ ఒక్క లైనుతోనే భారం సగం కంటే ఎక్కువ దిగుతుంది. అప్‌స్ట్రీమ్ సెషన్ మీద ఇన్ దిశలోనే పెట్టండి. కస్టమర్ సెషన్ మీద పెడితే వాళ్ళ /24లు మీ దగ్గరే మాయమవుతాయి. ఆ తర్వాత సాఫ్ట్ క్లియర్ (సెషన్ తెంపకుండా కొత్త ఫిల్టర్ వర్తింపజేయడం) ఇవ్వండి. 6500లో ఎక్సెప్షన్ ఒకసారి ట్రూ అయ్యాక రూట్లు తగ్గినా దానంతటది పోదు. రీలోడ్‌కు సమయం కేటాయించుకోండి.

సమస్య: లాగ్‌లో మాలాక్‌ఫెయిల్ (అడిగిన మెమరీ దొరకలేదనే సందేశం), సెషన్లు పడి లేస్తున్నాయి, ఎస్‌ఎస్‌హెచ్ కూడా ఎక్కడం లేదు.

ఇది ర్యామ్ కొరత. కన్సోల్ నుంచి ఎక్కి 'సాఫ్ట్-రీకాన్ఫిగరేషన్ ఇన్‌బౌండ్' ఉందేమో వెతకండి. అది ఉంటే పొరుగువాడు పంపినవన్నీ, మీ ఫిల్టర్ తిరస్కరించినవి కూడా, ర్యామ్‌లో దాచి ఉంచుతుంది. పైన చెప్పిన ఫిల్టర్ పెట్టినా ర్యామ్ అనుకున్నంత తగ్గకపోవడానికి కారణం ఇదే. పొరుగు రౌటర్‌కు రూట్ రిఫ్రెష్ (అడిగితే రూట్లు మళ్ళీ పంపే సౌకర్యం) ఉందని 'షో ఐపీ బీజీపీ నైబర్స్'లో చూసుకుని ఆ లైను తీసేయండి.

'షో మెమరీ స్టాటిస్టిక్స్'లో ఫ్రీ బాగానే ఉండి లార్జెస్ట్ (ఒకే ముక్కగా ఉన్న పెద్ద ఖాళీ) మరీ చిన్నగా ఉంటే మెమరీ ముక్కలైపోయింది. దానికి రీలోడే మందు.

సమస్య: సెషన్ పడిపోయి, 'షో ఐపీ బీజీపీ సమ్మరీ'లో ఐడిల్ పక్కన పీఎఫ్‌ఎక్స్‌సీటీ అని ఆగిపోయింది.

మాగ్జిమమ్-ప్రిఫిక్స్ (పొరుగువాడి నుంచి తీసుకోవాల్సిన రూట్లకు మీరు పెట్టిన గరిష్ఠ సంఖ్య) హద్దు దాటింది. హద్దు పెంచే ముందు, అవతలివాళ్ళు పొరపాటున పూర్తి టేబుల్ వదిలారేమో అడగండి. నిజంగానే పెరిగితే హద్దు పెంచి సెషన్‌ను క్లియర్ చేయండి.