పెరట్లో పూత నిలిచి కాయ కావాలంటే

గోదావరి డెల్టాలో నేలకు సారం, కాలువకు నీరు ఉండడం వల్లనో ఏమో, పెరటి చెట్టు విరగబూసి కాయ నిలవకపోతే ఎరువు చాలలేదని మరో గంప వేయడం మనకు అలవాటు. దానికంటే ముందు పువ్వుకు పుప్పొడి అందుతున్నదా అని చూడాలి.

అరటికి ఈ చింత లేదు. కర్పూర, చక్కెరకేళి, అమృతపాణి పరాగ సంపర్కం లేకుండానే గెల వేస్తాయి. జామ ఒంటరిగా ఉన్నా కాస్తుంది. ఉసిరికి మాత్రం సొంత పుప్పొడి సరిగా పనికిరాదు కనుక, కృష్ణ, కాంచన్ వంటి వేర్వేరు రకాల అంట్లు కనీసం రెండు నాటుకోవాలి; ఒకే రకం రెండు నాటితే ప్రయోజనం ఉండదు. ఆడ, మగ చెట్లు వేరుగా ఉండే బొప్పాయిలో, పొడవాటి కాడలకు పూలు వేలాడే మగ చెట్లన్నింటినీ దండగని నరికేయక ఒక్కదాన్నయినా ఉంచాలి.

అసలు శ్రమ సీతాఫలంతోనే. దాని పువ్వులో ముందు ఆడ భాగం పక్వానికి వచ్చి, పుప్పొడి రాలే వేళకు ఎండిపోతుంది. అందుకే ఒక పువ్వు పుప్పొడి మరో పువ్వుకు చేరాలి; ఈ పని చేసిపెట్టేవి తేనెటీగలు కావు, కుళ్లిన పండ్లకు చేరే చిన్న పెంకు పురుగులు. అవి తక్కువైన చోట మనమే పూనుకోవాలి. రేకలు బాగా విచ్చుకుని, తాకితే కేసరాలు రాలే పువ్వులను చిన్న గిన్నెలోకి దులిపి, ఎండ ఎక్కకముందే, రేకలు కొద్దిగా మాత్రమే విడి లోపలి మొన తడిగా మెరుస్తున్న పువ్వును ఎంచుకుని, రేకలను వేళ్లతో మెల్లగా విడదీసి, బొమ్మలు వేసే సన్నని కుంచెతో ఆ పుప్పొడిని చుట్టూ అద్దాలి. చుట్టూ అనడానికి కారణం ఉంది: కాయ మీది ఒక్కొక్క కన్ను ఒక్కొక్క అండాశయం నుంచి ఏర్పడుతుంది కాబట్టి, పుప్పొడి ఒకవైపే అందితే కాయ వంకరగా ఊరుతుంది. వేసవి వడగాలికి ఆ తడి త్వరగా ఆరిపోతుంది గనుక, తొలకరి పడ్డాక చేసిన పనికే ఫలితం ఎక్కువ. బలమైన కొమ్మల మీది పూలు కొన్ని చాలు, చెట్టంతా అద్దడం అత్యాశే.

మామిడి పూగుత్తిలో చాలావరకు మగ పూలే కాబట్టి అవి రాలితే కంగారు పడనక్కరలేదు. కొత్తపల్లి కొబ్బరైనా బంగినపల్లైనా, పుప్పొడి మోసేవాటిలో ఈగలదే పెద్ద వాటా. పూత రసం పీల్చే తేనెమంచు పురుగుకు మందు కొట్టవలసి వస్తే పూత విచ్చకముందే కొట్టాలి. అప్పటికే విచ్చుకుని ఉండి ఇక తప్పనిసరైతే, పురుగుల రాకపోకలు ఆగిన సాయంత్రం పొద్దుపోయాక కొట్టడం మేలు.