మసకబారిన టైల్స్‌కు మళ్లీ మెరుపు: బోరు నీళ్లు వాడే ఇళ్లకు

తిరుపతిలోనో చిత్తూరులోనో ఏడెనిమిదేళ్ల కిందట పరిచిన విట్రిఫైడ్ టైల్స్ ఇప్పుడు బూడిద పూసినట్టు కనిపిస్తున్నాయా? చాలా ఇళ్లలో టైల్ అరిగి ఉండదు. బోరు నీళ్లలోని ఉప్పు, మోతాదు మించి పోసిన ఫినాయిల్, పూర్తిగా పోని సబ్బు, వీటన్నిటికీ అంటుకున్న ఎర్రమట్టి దుమ్ము కలిసి పైన ఒక పొర కట్టేసి ఉంటాయి. ఆ పొర పోతే మెరుపు దానంతటదే బయటికొస్తుంది. అందుకే పాలిష్ డబ్బా కొనకముందు కింద ఏముందో తేల్చుకోవాలి. విట్రిఫైడ్ టైల్ పీల్చుకునే నీరు అర శాతానికి మించదు. అలాంటి దానిమీద మైనం పాలిష్ పూస్తే లోపలికి దిగదు, పైనే జిడ్డుగా నిలిచి ఇంకాస్త దుమ్ము పడుతుంది.

అన్నిటికన్నా ముందు, కాలి కింద ఉన్నది టైలేనా కాదా చూసుకోండి. పాత మిద్దెల్లో, వసారాల్లో కడప బండలు ఉంటాయి. అవి సున్నపురాయి జాతివి. మార్బుల్, మార్బుల్ పలుకులు వేసిన మొజాయిక్ కూడా అంతే. వీటిమీద నిమ్మరసం, వెనిగర్, యాసిడ్ ఏది పడినా రాయి కరిగి తెల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చ తుడిస్తే పోదు, మిషన్‌తో అరగదీయాల్సిందే. ఇకమీద చెప్పే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్ పొడి) పద్ధతి సిరామిక్, విట్రిఫైడ్ టైల్స్‌కే. బండలకు, గ్రానైట్‌కు గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా కలిపిన నీళ్లు చాలు.

పరీక్షకు మంచం కిందో బీరువా పక్కనో కనపడని టైల్ ఒకటి ఎంచుకోండి. ఒక సగం మీద గ్లాసు వేడినీళ్లలో చెంచా వాషింగ్ సోడా కలిపి పూయండి. రెండో సగం మీద గ్లాసు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి పూయండి. ఐదు నిమిషాలాగి రుద్ది, మంచినీళ్లతో తుడిచి ఆరబెట్టండి. సోడా సగం మెరిస్తే పైనున్నది సబ్బు, నూనె జిడ్డు. నిమ్మ ఉప్పు సగం మెరిస్తే నీళ్ల ఉప్పు. రెండూ కొంచెం కొంచెం మెరిస్తే రెండు పొరలూ ఉన్నాయి. ఈ వైపు ఎక్కువగా ఉండేది ఇదే.

ఇక అసలు పని. ఫ్యాన్ ఆపేయండి, లేదంటే ఎండాకాలంలో నీళ్లు నిమిషంలో ఆరిపోయి మందు పనిచేయదు. కసువు రెండుసార్లు చిమ్మండి, ఆ తర్వాత పొడిగుడ్డతో మూలలు తుడవండి. ఎర్రమట్టిలో సన్న ఇసుక ఉంటుంది. అది ఉండగా తడిగుడ్డ వేసి రుద్దితే మెరుపు టైల్ మీద గీతలు పడతాయి. ముగ్గు పిండిలోనూ రాతి నూక ఉంటుంది కాబట్టి గడప దగ్గర ఇంకాస్త శ్రద్ధ పెట్టండి.

ఐదు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాల వాషింగ్ సోడా, అర చెంచా గిన్నెల లిక్విడ్ కలపండి. చేతికి గ్లౌజులు వేసుకోండి. గదంతా ఒకేసారి తడపకుండా నాలుగడుగులకు నాలుగడుగుల చొప్పున పోసి, ఐదారు నిమిషాలు తడిగానే ఉంచి, నైలాన్ బ్రష్షుతో రుద్దండి. స్టీలు పీచు వద్దు. గీతలు పడటం ఒకటైతే, దాని తునకలు సందుల్లో చిక్కి తుప్పు మచ్చలవుతాయి. మురికినీళ్లను వైపర్‌తో లాగి గుడ్డతో పీల్చేయండి. అక్కడే ఆరనిస్తే కరిగిన జిడ్డు మళ్లీ టైల్ మీదే కూర్చుంటుంది. తర్వాత మామూలు నీళ్లతో రెండుసార్లు తుడవండి.

సోడా పూర్తిగా పోయాకే నిమ్మ ఉప్పు. లీటరు నీళ్లకు 40 గ్రాములు సరిపోతుంది. సోడా, వెనిగర్ కలిపి పోస్తే నురగ బాగా వస్తుంది, చూడ్డానికి ఏదో జరుగుతున్నట్టే ఉంటుంది. కానీ ఒకదాని బలాన్ని ఇంకొకటి చంపేసి మిగిలేది ఉప్పునీళ్లే. నిమ్మ ఉప్పు నీళ్లు పోసేముందు సిమెంటు సందులను మామూలు నీళ్లతో తడపండి. తడిసిన సందు ఆమ్లాన్ని తక్కువ పీలుస్తుంది. ఐదు నిమిషాలకు మించి ఉంచకుండా రుద్ది కడిగేయండి.

చివరి తుడుపే అన్నిటికన్నా ముఖ్యం. బోరు నీళ్లు నేలమీద వాటంతటవే ఆరితే నీరు ఆవిరై ఉప్పు అక్కడే మిగిలిపోతుంది, అంతవరకు పడ్డ కష్టమంతా వృథా. ఆఖరిసారి మున్సిపల్ కొళాయి నీళ్లో, పట్టి ఉంచిన వాననీళ్లో వాడండి. తుడిచిన వెంటనే పాత పంచెతో తడి లేకుండా ఒత్తండి. ఆర్వో మిషన్ వదిలే నీళ్లను ఇల్లు తుడవడానికి దాచేవాళ్లు చాలామంది ఉన్నారు. నీళ్లు వృథా కాకూడదన్న ఆలోచన మంచిదే. అయితే తాగేనీళ్ల నుంచి తీసిన ఉప్పంతా వాటిలోనే చేరుతుంది. వాటితో వాకిలి కడగండి, మెరుపు టైల్స్ తుడవద్దు.

పూజగది దగ్గర మచ్చలది వేరే కథ. పసుపు టైల్ మీద నిలవదు, సందుల్లో దిగుతుంది. సబ్బు తగలగానే ఎర్రగా మారితే కంగారు పడకండి. క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కడం సహజం, కుంకుమ పుట్టేదీ పసుపు సున్నం కలిసే. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో దూది ముంచి సందు మీద పెట్టి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి అరగంట ఉంచండి. ఎండ పడే చోటైతే కొన్నాళ్లకు పసుపు దానంతటదే వెలిసిపోతుంది. దీపం నూనె దిగిన మచ్చకు సుద్దపొడిలో గిన్నెల లిక్విడ్ కలిపి దోసెపిండి కన్నా గట్టిగా ముద్ద చేసి పట్టించి, కవరు కప్పి రాత్రంతా ఉంచండి. పొద్దున కవరు తీసి, ముద్ద ఎండాక గీకేయండి. ఒకసారికి పోకపోతే మళ్లీ చేయండి.

హార్డ్‌వేర్ అంగడిలో సీసాల్లో అమ్మే యాసిడ్ జోలికి పోవద్దు. అది సందుల్లోని సిమెంటును తినేస్తుంది, దాని ఆవిరికి కొళాయిలు, తలుపు బందులు నల్లబడతాయి. యాసిడ్ గానీ బాత్రూం క్లీనర్ గానీ బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన స్నానాల గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. కొత్త ఇంట్లో టైల్స్ మీద సిమెంటు తెల్లపొర మిగిలితే సల్ఫామిక్ యాసిడ్ పొడి మేలు. లీటరు నీళ్లకు 50 గ్రాములు వేసి, ముందు నేల తడిపి, మూలలో ఒక టైల్ మీద చూసుకుని వాడండి. సందులు నింపి పది రోజులైనా గడవాలి.

రోజువారీకి రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదాంట్లో మందు నీళ్లు, ఇంకొకటి మాపు జాడించడానికి. ఫినాయిల్ అర బకెట్టుకు ఒక మూత చాలు. ఎక్కువ పోస్తే వాసన పెరుగుతుంది, శుభ్రం పెరగదు. తుడిచాక కాలికి అంటుకుంటోందంటే మోతాదు మించినట్టే. నీళ్లు మట్టిరంగుకు తిరిగితే గది సగంలో ఉన్నా మార్చేయండి.

పొరలన్నీ పోయినా నడిచే దారి మాత్రమే మసకగా ఉంటే అక్కడ అరుగుదలే. పైన గ్లేజు పూత ఉన్న టైల్‌కు ఆ పూత అరిగితే తిరిగి రాదు, మార్చుకోవడమే. డబుల్ చార్జ్ టైల్స్‌లో (రెండు పొరలు కలిపి నొక్కి చేసినవి) పైనున్న రంగు పొర మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి డైమండ్ ప్యాడ్ల మిషన్‌తో మళ్లీ పాలిష్ పట్టించవచ్చు. గరుకు ప్యాడ్‌తో మొదలుపెట్టి 3000 నంబరు దాకా ఒక్కో మెట్టూ ఎక్కాలి. మధ్యలో నంబరు ఎగరేస్తే ముందరి ప్యాడ్ గీతలు వెలుతుర్లో సుడులుగా కనబడతాయి.

సందులు నల్లబడి ఏ మందుకూ లొంగకపోతే పైన రెండు మూడు మిల్లీమీటర్లు గీకి, దుమ్ము తీసి, కొత్త గ్రౌట్ నింపండి. వంటింటికి ఎపాక్సీ రకం మేలు, నూనె పీల్చదు. నింపాక టైల్ మీద మిగిలినదాన్ని గట్టిపడకముందే తడి స్పాంజితో తుడిచేసి, 24 గంటలు ఆ చోట నీళ్లు పడకుండా చూడండి.