సామాజిక శాస్త్రాల అధ్యయనాన్ని ఎలా ప్రారంభించాలి?

సామాజిక శాస్త్రాలను కొత్తగా చదవాలనుకునేవారు సాధారణంగా ఒక్కొక్క శాఖ నిర్వచనాన్ని వల్లె వేయడంతో మొదలుపెడతారు. నిర్వచనాలు పరీక్షలకు ఉపయోగపడతాయి గానీ, ఒక శాఖకూ మరొక శాఖకూ తేడా ఎక్కడుందో వాటివల్ల బోధపడదు. ఒకే ప్రశ్నను పట్టుకొని అన్ని శాఖల గడపా తొక్కి రావడం ఇంతకంటే మంచి మార్గం.

ముందుగా ఎంతోమంది జీవితాల్లో పదేపదే కనిపించే విషయంపై ఒక ప్రశ్నను ఎంచుకోవాలి. ‘జనం పల్లెలు విడిచి నగరాలకు ఎందుకు వలస వెళతారు?’ అన్నదాన్ని ఇక్కడ తీసుకుందాం.

తరువాత ఆ ప్రశ్నను అర్థశాస్త్రం ముందు పెట్టాలి. నగరంలో నిరుద్యోగం ఉన్నా వలసలు ఎందుకు ఆగవన్న చిక్కుకు జాన్ హారిస్, మైకేల్ తొడారో 1970లో ఒక వివరణ ఇచ్చారు. వలస వెళ్లేవారు నగరంలోని వేతనంతోపాటు పని దొరికే అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారని వారు భావించారు. నగర వేతనం పల్లెలో కంటే మూడు రెట్లు ఉండి, పని దొరికే అవకాశం సగమే అయినా, ఆశించదగిన ఆదాయం ఒకటిన్నర రెట్లు ఉంటుంది కాబట్టి ప్రయాణం లాభసాటిగానే కనిపిస్తుంది.

ఈ లెక్క ఎంత ముచ్చటగా ఉన్నా, ఒకే ఆదాయం ఉన్న రెండు కుటుంబాల్లో ఒకటి కదిలి మరొకటి ఎందుకు కదలదో చెప్పదు. అక్కడ కుటుంబాలు, బంధుత్వాల ప్రభావాన్ని పరిశీలించే సమాజశాస్త్రాన్ని (సోషియాలజీని) ఆశ్రయించాలి. అమెరికాకు వలస వెళ్లిన పోలండ్ రైతుల గురించి విలియం థామస్, ఫ్లోరియన్ జ్నానియెట్స్కీ 1918–1920 మధ్య ప్రచురించిన అధ్యయనానికి ముఖ్యమైన ఆధారాల్లో కుటుంబాల మధ్య నడిచిన ఉత్తరాలు ఉన్నాయి. భూగోళశాస్త్రం దూరాన్ని ప్రశ్నిస్తుంది: వలసదారుల్లో ఎక్కువమంది దగ్గరి ప్రాంతాలకే వెళతారని రావెన్‌స్టైన్ 1885లో బ్రిటన్ జనగణన ఆధారంగా సూత్రీకరించాడు. సరిహద్దులు, పౌరసత్వం, ఓటుహక్కు రాజనీతిశాస్త్రం పరిధిలోకి వస్తాయి. మానవశాస్త్రవేత్త వలసదారుల మధ్యనే చాలాకాలం నివసించి గమనిస్తాడు. మనస్తత్వశాస్త్రం వ్యక్తి నిర్ణయాన్నీ ఒంటరితనాన్నీ పరిశీలిస్తుంది. చరిత్రను కొన్ని విశ్వవిద్యాలయాలు సాహిత్యం, తత్వశాస్త్రం వంటి మానవీయ శాస్త్రాల్లో చేర్చినా, కాలక్రమం తెలియకుండా పై శాఖలేవీ ముందుకు సాగలేవు కనుక దాన్ని పక్కన పెట్టకూడదు.

ఇలా తిరుగుతున్నంతసేపూ, ప్రతి శాఖ దేన్ని ఆధారంగా అంగీకరిస్తుందో, దేన్ని వదిలేస్తుందో ఒక కాగితంపై రాసుకోవాలి. నా దృష్టిలో ఈ పద్ధతిలో అన్నిటికంటే విలువైన పని ఇదే.

ఆపై ఆధారాలను అనుమానించడం అలవరచుకోవాలి. నగరంలో స్థిరపడినవారిని మాత్రమే అడిగి వలస లాభదాయకమని తేల్చితే, అక్కడ నిలదొక్కుకోలేక వెనక్కి వెళ్లినవారు లెక్కలోకి రాకుండా పోతారు. వలసలు, వేతనాలు రెండూ ఒకేసారి పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని కూడా చెప్పలేము. మూడో కారణమేదో రెండింటినీ పెంచి ఉండవచ్చు.

చివరగా, మీ ప్రశ్నకు దగ్గరగా అనిపించిన శాఖలో ఒక పరిచయ గ్రంథాన్ని ఎంచుకొని, చాలామంది దాటవేసే పరిశోధన పద్ధతుల అధ్యాయాన్ని ముందుగా చదవాలి. దానితోపాటు మీ దేశ జనగణన పట్టికల్లో వలసలకు సంబంధించిన ఒకదాన్ని తీసుకొని, అందులో ‘వలసదారు’గా ఎవరిని లెక్కించారో, ఎవరిని లెక్కించలేదో పరిశీలించాలి.