నెట్‌వర్క్ స్టోరేజీలో ఫైళ్ల సంఖ్య పరిమితి దాటినప్పుడు ఏం చేయాలి

అనంతపురం జిల్లా వేరుశనగ పొలాల్లో తీసిన ఆకుల ఫొటోలతో ఆకుమచ్చ తెగులును గుర్తించే ప్రాజెక్టు ఒకటి కళాశాల ల్యాబ్‌లో నడుస్తోందనుకుందాం. 4000×3000 పిక్సెళ్ల ఫొటోను 256 పిక్సెళ్ల చదరపు ముక్కలుగా కోస్తే 165 నిండు ముక్కలు వస్తాయి; 20,000 ఫొటోలకు అవి 33 లక్షలవుతాయి. ముక్కకు 15 కేబీ చొప్పున మొత్తం 50 జీబీకి మించదు. అయినా మీకు ఒక టీబీ కేటాయించిన సర్వర్ మధ్యలోనే ఫైళ్లను తిరస్కరించవచ్చు, ఎందుకంటే స్థలంతో పాటు ఫైళ్ల సంఖ్యకూ విడిగా పరిమితి ఉంటుంది.

ప్రతి ఫైలుకూ, ప్రతి ఫోల్డరుకూ ఒక ఐనోడ్ (దాని వివరాలను డిస్క్‌పై నమోదు చేసే చిన్న రికార్డు) కావాలి. లినక్స్ వాడే ఫైల్ సిస్టమ్ (డిస్క్‌పై ఫైళ్లను అమర్చే పద్ధతి) ఈఎక్స్‌టీ4 (ext4)లో ఐనోడ్ల సంఖ్య ఫార్మాట్ చేసేటప్పుడే ఖరారవుతుంది. మామూలుగా 16 కేబీకి ఒకటి చొప్పున ఒక టీబీకి దాదాపు 6.7 కోట్లు. మరో ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ (XFS) మాత్రం అవసరాన్ని బట్టి వాటిని సృష్టించుకుంటుంది. ఇవి కాక అడ్మిన్ ఒక్కో యూజర్‌కు పెట్టే కోటా వేరు.

ముందుగా ఎర్రర్‌ను జాగ్రత్తగా చదవండి. డిస్క్ కోటా మించిందని వస్తే సాధారణంగా మీ వాటా అయిపోయినట్టు. డివైస్‌లో స్థలం లేదని వస్తే డీఎఫ్ కమాండును ఐ ఆప్షన్‌తో (df -i) నడిపి, ఐనోడ్లు మిగిలాయో లేదో చూడండి. ఏ ఫోల్డరులో ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి డీయూ కమాండుకు ఐనోడ్స్ ఆప్షన్ (du --inodes) ఇస్తే చాలు.

చిన్న ఫైళ్లను టార్ ఫైళ్లలోకి (అనేక ఫైళ్లను ఒకే ఫైలుగా కట్టే మూటల్లోకి) సర్దడమే నా దృష్టిలో సరైన పరిష్కారం. అయితే కోటా పూర్తిగా నిండిపోయాక కొత్తగా ఒక్క ఫైలు కూడా సృష్టించలేరు కనుక, టార్‌ను ముందు మీ కంప్యూటర్ సొంత డిస్క్‌పై తయారు చేయండి. లోపలి ఫైళ్ల సంఖ్య అసలు సంఖ్యతో సరిపోయిందని నిర్ధారించుకుని, సర్వర్‌లోని ముక్కలను తొలగించి, ఆ తర్వాతే టార్‌ను అక్కడికి పంపండి. తొలగించినవి అదే స్టోరేజీలోని ట్రాష్‌లో ఉన్నంత కాలం లెక్కలోనే ఉంటాయి.

మోడల్‌కు శిక్షణ ఇచ్చేటప్పుడు టార్‌ను సొంత డిస్క్‌పైనే విప్పండి. లక్షల చిన్న ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా ఒక్కొక్కటిగా తెరవడం కంటే ఇది ఎంతో వేగంగా సాగుతుంది. కోటా పెంచమని అడ్మిన్‌ను అడగాల్సి వస్తే, ఫోల్డర్ల వారీ సంఖ్యలను, వాటిలో టార్‌గా సర్దడానికి వీలు కాని ఫైళ్లను విన్నపంలో స్పష్టంగా రాయండి.